మారేడుమిల్లిలో అందరికీ ఒకే రాత్రి

షిఫ్టు ఉద్యోగి ఇంట్లో రాత్రి అందరికీ ఒకేసారి రాదు. ఉక్కునగరం క్వార్టర్లలో పెరిగిన పిల్లలకు ఈ సంగతి అక్షరాలు రాకముందే తెలిసిపోతుంది. మా నాన్న విశాఖ ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేసు విభాగంలో పనిచేసేవారు. 'ఏ' షిఫ్టయితే మేము లేవకముందే వెళ్ళిపోయేవారు, బి షిఫ్టయితే మేము పడుకున్నాక వచ్చేవారు, సి షిఫ్టయితే మేము అన్నాలు తిని చేతులు కడుక్కునే వేళకు ఆయన హెల్మెట్టు, క్యారియరు పట్టుకుని గుమ్మం దిగేవారు. ఆయనకు సి షిఫ్టు ఉన్న రోజుల్లో మా పడకగది కిటికీలకు పగలంతా దళసరి దుప్పట్లు వేలాడుతూ ఉండేవి. అమ్మ కుక్కరు పెట్టకుండా గిన్నెలో అన్నం వార్చేది, కూరగాయల బండివాడిని వీధి మలుపులోనే ఆపేది, ఇంటికి ఎవరు వచ్చినా ముందుగా వేలు పెదవుల మీద పెట్టి చూపించేది. 'నాన్న పడుకున్నారు' అన్న మాట మా బాల్యంలో విన్నన్నిసార్లు మరే మాటా వినలేదు. ఆయన మా కోసమే అలా బతికారని తెలుసు గనుక ఆ నిశ్శబ్దం మీద నాకెప్పుడూ కోపం రాలేదు. కాని ఇంటిల్లిపాదీ ఒకే చీకట్లో కూర్చుని, ఒకే వేళకు నిద్రపోయి, ఒకే వెలుగులో లేవడం ఎలా ఉంటుందో నేను మొదటిసారి తెలుసుకున్నది మా ఇంట్లో కాదు, 2012 సంక్రాంతి తరవాత మారేడుమిల్లి దగ్గర అడవి అంచున వేసిన గుడారాలలో.

ఆ ప్రయాణం ఆలోచన చిన్నాన్నది. ఆయన విశాఖపట్నం పోర్టులో పనిచేసేవారు. ఆయన తోటి ఉద్యోగి ఒకరు అంతకుముందు ఏడాది కుటుంబంతో వెళ్ళివచ్చి, మారేడుమిల్లికి కొంచెం ఇవతల ఒక కొండరెడ్డి గిరిజన కుటుంబం తమ జీడిమామిడి తోటలో, పశువుల పాకకు దగ్గరగా, నాలుగైదు గుడారాలు వేసి వచ్చినవాళ్ళకు విడిది ఇస్తున్నారని చెప్పారట. ఏజెన్సీ ప్రాంతంలో 1970 నాటి ఒకటో నంబరు రెగ్యులేషన్ ప్రకారం భూమి గిరిజనేతరుల చేతికి పోవడానికి వీలు లేదు. అందువల్ల అక్కడ తోటా వాళ్ళదే, పశువులూ వాళ్ళవే, వంటా వాళ్ళదే. పట్నంలో ఎవరో పెట్టుబడి పెట్టి కట్టించిన విడిది కాదు. ఆ మాట నాన్నకు నచ్చింది. అమ్మకు మాత్రం మన్యం అనగానే చలిజ్వరమే గుర్తుకు వచ్చింది. మన్యం నీళ్ళు పడవనీ, అక్కడి దోమ కుడితే మంచం దిగరనీ మైదానంలో తరతరాలుగా చెప్పుకునే భయాలన్నీ ఆమె ఒక్కొక్కటిగా బయటపెట్టి, చివరకు తలకొక దోమతెర, కాచి చల్లార్చిన నీళ్ళ డబ్బాలు వెంట వస్తేనే తానూ వస్తానని తేల్చి చెప్పింది.

మాట్లాడకుండానే ఒప్పుకున్నది నాయనమ్మ ఒక్కతే. ఆమె పుట్టింటి ఊరు గోకవరం దగ్గర, అడవి మొదలయ్యే చోట. ఆమె తండ్రి రంపచోడవరం సంతలో చింతపండు, కొండచీపుర్లు, కరక్కాయలు కొని మైదానంలో అమ్మేవాడు. పెళ్ళయ్యాక ఆమె గాజువాక వైపు వచ్చింది. ఆ మెట్టినూరు తరవాత ఉక్కు కర్మాగారం స్థలంలో కలిసిపోయింది. ఊరు ఇచ్చిన కుటుంబాలకు ఇచ్చే ఆర్ కార్డు మీదే నాన్నకు ఉద్యోగం వచ్చింది. అలా ఆమె అడవి అంచు నుంచి తాటితోపుల ఊరికి, తాటితోపుల ఊరి నుంచి మూడో అంతస్తు క్వార్టరుకు చేరి, బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని కింద పోయే కంపెనీ బస్సులను చూస్తూ ఉండేది. ఆమె మౌనం ఆమె స్వభావమని మేమందరం అనుకున్నాం.

కనుమనాడు కాకైనా కదలదంటారు. ముక్కనుమ మాంసం ముగించుకుని, ఆ మర్నాడు చీకటితోనే చిన్నాన్న మాట్లాడిన టాటా సుమోలో బయలుదేరాం. వెనక సీట్లో నేను, తమ్ముడు, చిన్నాన్న పిల్లలు ఒకరి మీద ఒకరం కూర్చున్నాం. కాళ్ళ కింద దుప్పట్లు, బొంతలు, అరిసెల డబ్బా, జంతికల డబ్బా. అనకాపల్లి దాటేవేళకు బెల్లం వంట వాసన, తుని దాటాక ఎండ, అన్నవరంలో కొండ కింద ఆగి ఆకులో కట్టిన గోధుమనూక ప్రసాదం. ఆ ఆకును నాయనమ్మ పారెయ్యనివ్వలేదు. తుడిచి, మడిచి, చెంగులో పెట్టుకుంది. జగ్గంపేట దగ్గర జాతీయ రహదారి వదిలి గోకవరం వైపు తిరిగాక, అప్పటిదాకా కునుకు తీస్తున్న ఆమె లేచి సర్దుకుని కూర్చుంది. అక్కడి నుంచి ఆమె నోరు ఆగలేదు.

అది మా ఎవరికీ పరిచయం లేని నాయనమ్మ. ఈ మలుపులో ఫలానా చెట్టు ఉండేదనీ, ఇక్కడ బళ్ళు ఆపి ఎడ్లకు నీళ్ళు పెట్టేవారనీ, వాన రోజుల్లో ఈ వాగు దాటలేక తన తండ్రి సంతలోనే మూడేసి రోజులు ఉండిపోయేవాడనీ చెబుతూ పోయింది. రంపచోడవరం చేరాక పోలీస్ స్టేషను వైపు చెయ్యి చూపి, "మా అయ్య చిన్నతనంలో రామరాజు గారు వచ్చింది ఇక్కడికేరా. ముందు మిరపకాయ టపా పంపి మరీ వచ్చారట" అంది. అల్లూరి సీతారామరాజు దళం 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద వరసగా మూడు రోజులు దాడులు చేసిందనీ, అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరం వచ్చిందనీ నేను పాఠ్యపుస్తకంలో చదివినదే. పరీక్షలో రాసిన ఆ తారీకులు ఒక మనిషి ఇంట్లో, అన్నం దగ్గర చెప్పుకునే కబుర్లుగా ఉండేవని నాకు అప్పుడే తెలిసింది. కృష్ణదేవిపేటలో ఆయన సమాధి ఉందనీ, అదే జిల్లాలో అన్నేళ్ళు బతికి కూడా దాన్ని చూడలేదనీ ఆమె అన్నప్పుడు నాన్న, తిరుగు ప్రయాణంలో చూద్దాంలే అమ్మా అన్నారు.

రంపచోడవరం దాటాక కొండలు దగ్గరికి వచ్చాయి, రోడ్డు ఇరుకయింది, సుమో కిటికీలోంచి వచ్చే గాలి మారింది. మేము తోట చేరేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ దాటింది. రోడ్డు మీంచి కిందికి దిగే ఎర్రమట్టి బాట, దానికి రెండు పక్కలా జీడిమామిడి చెట్లు, చివర వెదురు దడి కట్టిన పశువుల పాక, దాని వెనక ఏటవాలు నేల మీద ఆకుపచ్చ తార్పాలిన్ గుడారాలు. అక్కడి ఆవులు మా గాజువాక వైపు ఆవుల్లా పెద్దవి కావు. పొట్టిగా, గట్టిగా ఉండి మెడలో చెక్క గంటలతో చెట్ల మధ్య మేస్తుంటే, ఏది ఎక్కడుందో ఆ గంట చప్పుడును బట్టే చెప్పగలిగేవాడు తోట యజమాని. నాన్న వయసువాడే. వాళ్ళ ఇంటి భాష తెలుగే కాబట్టి మాటలకు ఇబ్బంది రాలేదు. నాయనమ్మను చూడగానే "రా మామ్మా" అని పిలిచి, పాక అరుగు మీద చాప పరిచి కూర్చోబెట్టాడు.

తోటకు దిగువన ఒక వాగు పారుతుంది. దాని అవతల నేల ఇవతలి నేలకంటే వేరుగా ఏమీ కనిపించదు. అదే వెదురు, అవే మద్ది చెట్లు. అయినా హద్దు అదే. పాపికొండల అడవి 1978లో అభయారణ్యం అయింది, 2008లో జాతీయ ఉద్యానవనం అయింది. గోదావరికి రెండు వైపులా వెయ్యికి పైగా చదరపు కిలోమీటర్ల అడవి అందులో ఉంది. అభయారణ్యానికి, జాతీయ ఉద్యానవనానికి తేడా ఏమిటని తమ్ముడు అడిగితే తోట యజమాని చట్టం పేరు ఎత్తకుండానే చెప్పాడు. "అప్పుడు అనుమతి ఉంటే మేపుకోవచ్చు బాబూ. ఇప్పుడు పశువు వాగు దాటకూడదు. మా తాతలు మేపిన చోటే, అయినా ఇప్పుడు తప్పు." ఆ మాటలో కోపం లేదు. అడవి దున్నలు, కణుజులు మళ్ళీ వాగు దాకా వస్తున్నాయని కూడా ఆ వెంటనే చెప్పాడు, అదీ ఇష్టంగానే చెప్పాడు. నాయనమ్మ అతని వైపు చాలాసేపు చూసి, "మా ఊరూ అంతే నాయనా. గోడ అవతల ఉంది. వెళ్ళడానికి లేదు" అంది. అతను ఆమెకు మరొక గ్లాసు మజ్జిగ పోశాడు. వాళ్ళిద్దరి మధ్య ఆ తరవాత నడిచిన స్నేహమంతా అక్కడే మొదలయిందని నా నమ్మకం.

సాయంత్రం పొద్దు కొండ వెనక్కి వెళ్ళగానే చలి దిగింది. పాక ముందు నెగడు వేశారు. రాత్రి వంట బొంగు చికెన్. ఇప్పుడు విశాఖలో బీచి రోడ్డు మీద కూడా దొరుకుతోంది గాని, దాని రుచి అడవిలో అప్పుడే కొట్టిన పచ్చి వెదురుది. ముదిరిన బొంగులో నీరుండదు, నిప్పు మీద పెడితే పగులుతుంది. లేత పచ్చి బొంగు ఒక కణుపు మూసి ఉండేటట్టు నరికి, ఉప్పూ కారం పసుపూ అల్లం వెల్లుల్లీ పట్టించిన ముక్కలు లోపల కూరి, మూతికి అడ్డాకులు దోపి బిగిస్తారు. నూనె చుక్క వెయ్యరు. వెదురు గోడల్లోని తేమతోనే మాంసం ఉడుకుతుంది. మంటలో పెడితే మాడిపోతుంది కాబట్టి నిప్పుల మీద పెట్టి, తిప్పుతూ ఉండాలి.

ఇక్కడ నేను నాన్నను కొత్తగా చూశాను. ఆయన నెగడు దగ్గర గొంతుకు కూర్చుని, తోట యజమాని బొంగులు పెట్టబోతుంటే, ఇంకొంచెం ఆగు అన్నారు. నిప్పు పసుపు రంగు వదిలి, నారింజ దాటి, ముదురు ఎరుపుకు దిగేదాకా ఆగమన్నారు. ఆ వేడి ఎంతుంటుందో రంగును బట్టే ఆయనకు తెలుసు. ఫర్నేసు నుంచి ద్రవ ఇనుము సుమారు 1,500 డిగ్రీల వేడితో కాలువలోకి దిగేటప్పుడు, యంత్రం చెప్పే అంకెకంటే ముందే దాని వెలుగును చూసి వేడిని అంచనా కట్టడం క్యాస్ట్ హౌస్‌లో పనిచేసేవాళ్ళకు అలవాటని ఆయన అప్పుడు మాకు చెప్పారు. మా కర్మాగారంలో మొదటి రెండు ఫర్నేసులకు నదుల పేర్లున్నాయి. మొదటిది గోదావరి, రెండోది కృష్ణ. నాన్న గోదావరి మీద పనిచేసేవారు. 'ఇవాళ గోదావరి బాగా నడిచింది' అని ఆయన అమ్మతో అనగా చిన్నప్పుడు విని నేను నది గురించే అనుకునేదాన్ని. ఆయన పని ఏమిటో, ఎంత నేర్పుతో కూడినదో నాకు పద్దెనిమిదేళ్ళు దాటాక, ఆ నెగడు వెలుగులో అర్థమయింది. తోట యజమాని బొంగు చేతికి తీసుకుని, నాన్న తల ఊపాకే నిప్పుల మీద పెట్టాడు. చీల్చి అడ్డాకుల్లో వడ్డించినప్పుడు అమ్మ సైతం మన్యం నీళ్ళ సంగతి మరిచిపోయి రెండోసారి వేయించుకుంది.

చొల్లంగి అమావాస్య దగ్గర పడుతున్న రోజులు కావడంతో ఆ రాత్రి ఆకాశంలో చంద్రుడు లేడు. ఉక్కునగరం మీద ఆకాశం రాత్రిపూట కూడా ఎర్రగా ఉంటుంది. ఫర్నేసుల వెలుగు, రోడ్ల మీది సోడియం దీపాల వెలుగు మేఘాలకు తగిలి కిందికి వస్తుంది. నాకూ తమ్ముడికీ చుక్కలంటే పది ఇరవై. ఇక్కడ నెగడు కొంచెం తగ్గగానే చుక్కలు కొండ అంచుల దాకా దిగివచ్చాయి. చిన్నాన్న చిన్న కూతురు భయపడి పిన్ని ఒళ్ళో ముఖం దాచుకుంది. అప్పుడు నాయనమ్మ అరుగు మీద వెల్లకిలా పడుకుని పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. గుంపుగా ఉన్న చిన్న చుక్కలు పిల్లలకోడి. వరసగా ఉన్న మూడు చుక్కలు గొల్లకావడి. "గొల్లకావడి నడినెత్తికి వచ్చిందంటే పొయ్యిలు ఆర్పి పడుకోవాలి, ఈ నెలలో అదే లెక్క" అంది. చిన్నాన్న సెల్‌ఫోను తీసి చూస్తే పది కావస్తోంది.

"సి షిఫ్టు వేళ" అన్నారు నాన్న.

ఎవరూ నవ్వలేదు. ఆ వేళకు ఆయన ఎప్పుడూ బస్సులో ఉండేవారు, లేకపోతే ఫర్నేసు ముందు ఉండేవారు, లేకపోతే అలిసి నిద్రపోతూ ఉండేవారు. నాయనమ్మ పక్కకు జరిగి చోటిచ్చింది. యాభై దాటిన మనిషి ఆమె పక్కన అరుగు మీద పడుకుని, తాటితోపుల ఊళ్ళో వాకిట్లో నులకమంచం మీద ఆమె తనకు చూపించిన చుక్కల పేర్లు ఒక్కొక్కటే తానే చెప్పడం మొదలుపెట్టారు. పోయిన ఊరిని గురించి ఆయన మా ముందు మాట్లాడటం అదే మొదలు. ఊరి బావి, బావి దగ్గర చింతచెట్టు, సాయంత్రం తాటాకుల గలగల, సముద్రం వైపు నుంచి వచ్చే గాలి. తల్లీ కొడుకులు ఒకరు మరిచినది ఒకరు అందిస్తూ ఆ ఊరిని ఇల్లిల్లూ చెప్పుకుపోయారు. అమ్మ వింటూ కూర్చుంది. పెళ్ళై వచ్చేసరికే ఆ ఊరు లేదు కాబట్టి ఆమెకూ అది కొత్తే.

గుడారాల్లో పడకలు సిద్ధం చేసుకుని, అమ్మ కట్టించిన దోమతెరల్లో దూరాం. అందరం పడుకున్నా నాన్నకు నిద్ర పట్టలేదు. ఇన్నేళ్ళ షిఫ్టులతో ఆయన శరీరానికి రాత్రి మెలకువ అలవాటయిపోయింది. నాకు మధ్యరాత్రి మెలకువ వచ్చి చూస్తే ఆయన నెగడు దగ్గర బొంత కప్పుకుని కూర్చుని ఉన్నారు. నేనూ వెళ్ళి కూర్చున్నాను. వాగు అవతల కుక్క మొరిగినట్టు ఒక అరుపు, కాసేపటికి మళ్ళీ అదే అరుపు వినిపించింది. పశువుల పాకలోంచి తోట యజమాని లేచి వచ్చి, అది కుక్క కాదనీ, మొరిగే జింక అనీ, చిరుత కదిలినప్పుడు అలా అరిచి మిగిలిన వాటిని హెచ్చరిస్తుందనీ చెప్పి, పాక తడిక బిగించి నెగడులో మరో దుంగ వేసి వెళ్ళాడు. ఆ అరుపుకు తమ్ముడు లేచాడు. తమ్ముడి వెనక అమ్మ లేచింది. కాసేపటికి చిన్నాన్న వాళ్ళు కూడా వచ్చారు. నాయనమ్మ చుట్ట వెలిగించుకుంది. ఏం మాట్లాడుకున్నామో అంతా గుర్తు లేదు. నా కాలేజీ సంగతులు నాన్న అడిగారు, నేను చెప్పాను. తరవాతి పరీక్షల్లో ఏ సబ్జెక్టు కష్టమో, నా స్నేహితురాళ్ళెవరో ఆయనకు తెలియదని ఆయనే అన్నారు. ఇంట్లో అడగడానికి ఎప్పుడూ వేళ కుదరలేదు. ఆ రాత్రి వేళ అంతా మాదే.

తెల్లవారేసరికి వాగు మీంచి లేచిన మంచు గుడారాల తాళ్ళ మీద నీటిబొట్లుగా కూర్చుంది. కొండగోరింకలు మనిషి ఈలవేసినట్టు పిలుచుకుంటున్నాయి. ఇంటి ఆవిడ చోడి అంబలి, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ ఇచ్చింది. చక్కెర వేసిన టీ కంటే అది ఆ చలికి ఎంత ఆదుకుంటుందో తిన్నవాళ్ళకే తెలుస్తుంది. ఆ ఉదయం నాయనమ్మ, తోట యజమాని తల్లి కలిసి తోట వెనక కొండ మొదటికి నడిచి వెళ్తుంటే పిల్లలమంతా వెంట పడ్డాం. ఆ వయసులో నాయనమ్మ మోకాళ్ళ నొప్పి ఎక్కడికి పోయిందో మాకు అర్థం కాలేదు. పెద్ద చెట్లను చుట్టుకుని పైదాకా పాకిన లావుపాటి తీగ చూపించి, దాని జంట ఆకు తెంపి, చెంగులోంచి అన్నవరం ప్రసాదం ఆకు తీసి పక్కన పెట్టింది. రెండూ ఒకటే. అడ్డాకు. మన్యం ఆడవాళ్ళు కొండల్లో కోసి, ఎండబెట్టి, ఈనుపుల్లలతో కుట్టి సంతకు తెస్తే అది మైదానంలో పెళ్ళిళ్ళకూ గుళ్ళకూ చేరుతుందని, తన తండ్రి మోపులకొద్దీ కొనేవాడని చెప్పింది.

జీలుగు చెట్టు దగ్గర మాత్రం ఇద్దరు ముసలమ్మలూ ఎక్కువసేపు నిలబడ్డారు. చేప తోక ఆకారంలో చీలిన ఆకులతో తాడిలా నిటారుగా ఉండే చెట్టది. గెల మొదలు కోసి కుండ కడితే కల్లు దిగుతుంది. కరువు కాలంలో చెట్టు నరికి, మొద్దులోని గుజ్జు ఎండబెట్టి దంచి ఆ పిండితో జావ కాచుకుని బతికేవారట. ఈ కల్లు మీద పన్ను వేసినందుకే 1879లో రంప ప్రాంతం తిరగబడిందని నేను తరవాత చదువుకున్నాను. చిగురు పన్ను అనేవారు దాన్ని. ఒక చెట్టు మీద వేసిన పన్ను కోసం మనుషులు ప్రాణాలకు తెగించారంటే పుస్తకంలో చదివినవాళ్ళకు వింతగా ఉండవచ్చు. ఆ చెట్టు కింద నిలబడి, అది తిండి కూడా అని విన్నవాళ్ళకు వింతగా ఉండదు.

మధ్యాహ్నం వలమూరు దగ్గర ఏటికి వెళ్ళాం. అటవీ శాఖ, వన సంరక్షణ సమితి కలిసి నడిపే విడిది అక్కడే ఉంది. వాలి సుగ్రీవులు పోరాడింది ఆ మైదానంలోనేనని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. జలపాతాలు కూడా చూశాం గాని జనవరిలో వాటి ధార సన్నం, వాటి గురించి రాయడానికి పెద్దగా లేదు. నాకు గుర్తుండిపోయింది అమ్మ. సముద్రం పక్కనే ఇన్నేళ్ళు ఉండి, రామకృష్ణా బీచికి వెళ్ళిన ప్రతిసారీ చెప్పులు చేత్తో పట్టుకుని పాదాలు మాత్రం తడుపుకునే అమ్మ, ఆ మోకాలి లోతు ఏట్లో రాయి మీద కూర్చుని, చీర కుచ్చిళ్ళు నీళ్ళలో వదిలేసి, పిన్నితో కలిసి పాత పాటలు పాడుకుంటూ పొద్దువాలే దాకా లేవలేదు. ఇంట్లో ఎప్పుడూ గొంతు తగ్గించి మాట్లాడే మనిషికి అంత గొంతు ఉందని మేము అప్పుడే విన్నాం. నాన్న ఒడ్డున కూర్చుని వింటున్నారు. ఆపమని ఎవరూ అనలేదు, ఆపవలసిన అవసరమూ లేదు.

ఆ రాత్రి అందరికంటే ముందు నిద్రపోయింది నాన్న. గొల్లకావడి ఇంకా తూర్పు వైపే ఉంది. కంచంలో చెయ్యి కడుక్కుని, నెగడు దగ్గర ఒరిగినవారు ఒరిగినట్టే నిద్రపోయారు. పిల్లలు అరుస్తున్నారు, చిన్నాన్న తోట యజమానితో పశువుల ధరల గురించి గట్టిగా వాదిస్తున్నారు, పాకలో చెక్క గంటలు మోగుతున్నాయి. ఆయన కదలలేదు. అలవాటు కొద్దీ నేను తమ్ముడిని ఊరుకోమన్నాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "అరవనీవే. ఇది రాత్రి కదా, రాత్రి నిద్ర ఇలాంటి వాటికి చెదరదు" అంది. నాయనమ్మ తన బొంత తెచ్చి కొడుకు మీద కప్పి, తాను గుడారంలోకి వెళ్ళింది. అందరం ఒక్కొక్కరుగా వెళ్ళి పడుకున్నాం. మర్నాడు ఎండ గుడారం గుడ్డ మీద పడేదాకా ఎవరికీ మెలకువ రాలేదు.

తిరుగు ప్రయాణంలో నాన్న రాజమండ్రి మీదుగా వెళ్దామన్నారు. నర్సీపట్నం వైపు నుంచి పోతే కృష్ణదేవిపేట చూడవచ్చు గాని, ఆ రోడ్డు బాగా లేదని డ్రైవరు అన్నాడు, పైగా నాన్నకు మర్నాడు 'ఏ' షిఫ్టు. పుష్కరాల రేవులో మెట్లు దిగి ఆయన నీళ్ళలో నిలబడ్డారు. గోదావరి పేరు గల ఫర్నేసు 1990లో మొదలైన నాటి నుంచీ దాని సెగలో ఉన్న మనిషి, నదిలో మోకాళ్ళ దాకా దిగి, దోసిట్లో నీళ్ళు తీసుకుని ముఖం కడుక్కుని, ఎంత చల్లగా ఉందో అని నాయనమ్మకు కేక వేశారు. ఆమె మెట్టు మీద కూర్చునే కాళ్ళు తడుపుకుంది. ఆ రాత్రికి ఉక్కునగరం చేరాం. తెల్లవారుజామున ఆయన బస్సెక్కారు.

నాయనమ్మ 2016లో పోయింది. మారేడుమిల్లి నుంచి వచ్చాక కూడా ఆమె బాల్కనీలో ఆ కుర్చీలోనే కూర్చునేది గాని, మేము ఆమెను ఊరికే వదల్లేదు. రంప కబుర్లు చెప్పమని పక్కన చేరేవాళ్ళం, తమ్ముడయితే వాటిని నోటుపుస్తకంలో రాసుకున్నాడు. తోట యజమాని తల్లికి ఆమె ఏటా సంక్రాంతికి ఒక చీర పంపేది. అటు నుంచి చింతపండు, కొండచీపుర్లు వచ్చేవి. ఆమె తరవాత ఆ పంపకం అమ్మ చేస్తోంది.

నాన్న ఉద్యోగ విరమణ చేశారు. రాత్రి పదింటికి పడుకుని ఐదింటికి లేస్తున్నారు, అలా లేవడానికి ఆయనకు దాదాపు ఏడాది పట్టింది. ఇప్పుడు ఇంట్లో పగలు కుక్కరు కూస్తుంది. మా పాప గదుల్లో పరుగులు పెడుతూ అరిచినా ఎవరూ వేలు పెదవుల మీద పెట్టరు. మొన్న దసరాకు అందరం కలిసినప్పుడు, వచ్చే సంక్రాంతికి మళ్ళీ ఆ తోటకు వెళ్దామని నాన్నే అన్నారు. తోట ఇప్పుడు యజమాని కొడుకు చూసుకుంటున్నాడు. ఫోను చేస్తే గుర్తుపట్టి, గుడారాలు అట్టే ఉన్నాయనీ, పాక మాత్రం కొత్తగా కట్టామనీ చెప్పాడు. తమ్ముడు హైదరాబాదులో సెలవు అడిగి ఉంచాడు. చిన్నాన్న వాళ్ళూ వస్తున్నారు. ఈసారి జగ్గంపేట మీదుగా కాదు. నర్సీపట్నం మీదుగా వెళ్ళి, ముందు కృష్ణదేవిపేటలో ఆగి, రామరాజు గారి సమాధి చూసి, అక్కడి నుంచి రాజవొమ్మంగి, అడ్డతీగల, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి చేరాలని నాన్న కాగితం మీద రాసి ఇచ్చారు. సమాధి మీద పెట్టడానికి బంతిపూలు మాత్రం కొనకూడదట. మా బాల్కనీ కుండీల్లో నాయనమ్మ వేసిన విత్తనాల నుంచి ఏటా పూస్తున్నవే తెమ్మన్నారు.